తుపాకి గొట్టము ఆయుర్దాయము

రైఫిలు గొట్టమును చేతబట్టి చూచినవారికి అది తరతరములు నిలుచు వస్తువువలె తోచును. మేలైన ఉక్కుతో చేసినది, గోడ దళసరి, చేతికి బరువుగ నుండును. రైతు నాగటి కఱ్ఱు ఏటేట ఎఱ్ఱనేలను, రాతినేలను చీల్చుచు కొన్ని వారముల పాటు నిత్యము రాపిడికి ఓర్చుకొనును. రైఫిలు గొట్టములో దూసుకొనిపోవునది రాగి, నికెలు వంటి మెత్తని లోహపు తొడుగు గల చిన్న గుండు మాత్రమే. అయినను యుద్ధమునకు వాడు సామాన్యమైన రైఫిలు గొట్టము కొన్నివేల తూటాలు కాల్చునప్పటికి గుఱి తప్పుట మొదలగును.

గుండు గొట్టములో ప్రయాణము చేయు కాలము సెకండులో వెయ్యవ వంతు కంటె కొంచెము హెచ్చు. ఒక గొట్టము ఐదువేల తూటాలు కాల్చినదనుకొందము. అది నిజముగా పనిచేసిన కాలమంతయు కూడినచో ఆరేడు సెకండ్లకు మించదు! ఇంత గట్టి ఉక్కు ఆరేడు సెకండ్ల పనికే ఏల శిథిలమగుచున్నది? ఇనుప వస్తువు అరిగినదనగానే రాపిడి వలన అరిగినదని మనము తలంతుము. ఈ విషయమున ఆ తలంపు చాలవఱకు పొరపాటు.

గొట్టము లోపలి నిర్మాణము

గొట్టము వెనుకభాగమున తూటా ఇమిడియుండు గది కలదు. గది ముగిసి, మెలిగాడులు మొదలగు చోటును గొంతుక అందురు. అక్కడినుండి మూతి వఱకు గొట్టపు లోపలి గోడమీద స్క్రూమరవలె మెలితిరిగిన గాడులు చెక్కబడియుండును. రెండు గాడుల నడుమ మిగిలిన ఉబ్బు భాగములను గట్లు అనవచ్చును. గుండు వ్యాసము గట్ల నడుమనున్న సందుకంటె కొంచెము పెద్దది. కావున గుండు ముందుకు నెట్టబడినపుడు గట్లు దాని తొడుగులోనికి దిగి, దానిని గిరగిర త్రిప్పును. తిరుగుచున్న బొంగరము ఒరగక నిలుచునట్లు, తిరుగుచు పోవు గుండు గాలిలో తలక్రిందులు కాక ముక్కుసూటిగ పోవును. గుఱికి ఆధారము ఈ గాడులే. వాని లోతు చాల తక్కువ. సుమారు ఒక మిల్లీమీటరులో పదవ వంతు. ఈ కొలతను జ్ఞాపకముంచుకొనుట మంచిది. ముందు మరల దీని ప్రసక్తి వచ్చును.

ముగ్గురు శత్రువులు

గొట్టమునకు శత్రువులు ముగ్గురు. మొదటిది రాపిడి. గుండు వలన కలుగు రాపిడి స్వల్పమే. శుభ్రపరచుటకు గొట్టములోనికి దింపు త్రాడు, కడ్డీ ఒకేచోట పదేపదే ఒరసికొనుట వలన మూతి ఒకప్రక్కకు అరుగుట కలదు. ఇది వాడువాని అజాగ్రత్త ఫలితము.

రెండవది తుప్పు. పూర్వము తూటా అడుగున మందు నంటించు రంజకములో పొటాసియం క్లోరేటు వాడుచుండిరి. అది మండి ఆమ్లజనిని విడిచిన పిమ్మట పొటాసియం క్లోరైడుగా మిగులును. ఇది మన వంటింటి ఉప్పునకు దగ్గఱి చుట్టము. గాలిలోని తేమను పీల్చి, గొట్టము లోపలి గోడకు తుప్పు పట్టించును. నూనె ఈ లవణమును కరగింపలేదు, నీరు కరగించును. అందువలననే ఆ కాలపు సిపాయిలు కాల్పులు ముగియగానే గొట్టములోనికి మరుగునీరు పోసి కడిగి, ఆరినపిదప నూనె రాయుచుండిరి. క్లోరేటు లేని రంజకములు వాడుకలోనికి వచ్చిన తరువాత ఈ బాధ చాలవఱకు తగ్గినది.

మూడవది ఉష్ణము. మొదటి రెండును జాగ్రత్తతో తప్పించుకొనదగినవి. ఉష్ణము అట్టిది కాదు. మందు కాల్చిన ప్రతిసారియు అది పుట్టి తీరును. గొట్టము ఆయుర్దాయమును ముఖ్యముగా నిర్ణయించునది ఇదియే.

ఒక రైఫిలు పాఠము

ఈ సంగతి శాస్త్రజ్ఞులకును సైనికులకును స్పష్టముగా తెలిసివచ్చినది 19వ శతాబ్ది చివఱలో. 1888లో బ్రిటిషు సైన్యము లీ-మెట్‌ఫర్డ్ అను రైఫిలును స్వీకరించినది. అప్పటికి దానిలో వాడినది నల్ల తుపాకిమందు. అనగా సురేకారము, బొగ్గు, గంధకము కలిపిన పాతకాలపు మందు. అది మండినపుడు సగమునకు పైగా ఘనపదార్థముగా మిగిలి, మసియై గొట్టమునకు అంటుకొనును. విలియం మెట్‌ఫర్డ్ అను ఇంజనీరు ఈ చిక్కును చక్కగా పరిష్కరించెను. ఆయన గొట్టములో ఏడు గాడులు మిక్కిలి లోతు తక్కువగా, మూలలు లేకుండ గుండ్రముగా చెక్కించెను. మూలలు లేని గిన్నె తోముట సులభమైనట్లు, ఆ గొట్టము శుభ్రపరచుట సులభము; మసి పేరుకొనుటయు తక్కువ.

ఇంతలో పొగలేని మందు వచ్చినది. ఫ్రాన్సులో పాల్ వియే 1884లో దానిని మొదట సిద్ధపరచెను. బ్రిటనులో ఫ్రెడరిక్ ఏబెల్, జేమ్స్ డ్యూయర్ అను శాస్త్రజ్ఞులు 1889లో కార్డైటు అను మందును కనిపెట్టిరి. ఈ డ్యూయరే మనము కాఫీ వేడి చల్లారకుండ వాడు థర్మాస్ ఫ్లాస్కునకు మూలపురుషుడు. కార్డైటులో నూటికి 58 పాళ్లు నైట్రోగ్లిసరిన్, 37 పాళ్లు తుపాకి ప్రత్తి, 5 పాళ్లు వాజలీను ఉండెను. పొగలేదు, మసి లేదు, గుండు వేగము హెచ్చినది. అందఱు సంతసించిరి.

కాని కొలదికాలములోనే గొట్టముల గొంతుకలు పాడగుట కనిపించినది. మసిని జయించుటకు మెట్‌ఫర్డ్ చెక్కించిన లోతులేని గాడులు కార్డైటు వేడికి త్వరత్వరగా చెఱిగిపోయినవి. ఒక శత్రువు నెదుర్కొనుటకు చేసిన యుక్తియే మఱియొక శత్రువు ఎదుట బలహీనతగా మాఱినది. తుదకు 1895లో అదే యంత్రాంగమునకు ఎన్‌ఫీల్డు కర్మాగారములో రూపొందిన వేఱొక గొట్టమును అమర్చిరి. దానిలో గాడులు ఐదు, లోతు హెచ్చు, మూలలు చతురముగా నుండును. లీ-ఎన్‌ఫీల్డు అను ప్రసిద్ధమైన రైఫిలు పుట్టుక యిది. బెంగాలులోని ఇచ్ఛాపురపు కర్మాగారమున ఇది చిరకాలము తయారైనది. 1962 నాటి యుద్ధములో సైతము భారత సైనికులలో అధికసంఖ్యాకుల చేతులలో నున్నది ఈ రైఫిలే.

అయితే గాడుల లోతు హెచ్చించుట రోగమునకు మందు కాదు. రోగి మఱికొంత కాలము ఓర్చుకొనుటకు ఉపాయము మాత్రమే. ఉష్ణము చేయు పని యథాతథముగా సాగుచునేయుండెను.

వెయ్యవ వంతు సెకండులో

మందు మండినపుడు తూటా గదిలోని వాయువుల ఉష్ణోగ్రత రెండున్నరవేల డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతమునకు, ఒక్కొక్కప్పుడు అంతకంటె పైకిని పోవును. శుద్ధమైన ఇనుము కరగునది 1,538 డిగ్రీలకు. వాయువుల పీడనము మూడువేల వాతావరణములకు మించును. ఇంత వేడి, ఇంత పీడనము ఉన్నను గొట్టము కరగి కారిపోవకుండుటకు కారణము కాలము చాలకపోవుటయే.

ఉష్ణము లోహములో ప్రవహించుటకు కొంత వ్యవధి కావలయును. లెక్క వేసిచూచినచో, సెకండులో వెయ్యవ వంతున ఉష్ణము ఉక్కులోనికి చొచ్చుకొనిపోవు లోతు సుమారు ఒక మిల్లీమీటరులో పదవ వంతు. సరిగా గాడుల లోతు అంతయే! కావున ప్రేలుడు ఉష్ణమంతయు ఒక్క క్షణముపాటు ఆ పలుచని పొరలోనే బందీయగును. గొంతుకయొద్ద ఆ పొర ఉష్ణోగ్రత వేయి డిగ్రీలకు దగ్గఱగా, మందు వేడిదైనచో అంతకు పైగాను పెరుగును. ఆ సమయమున గొట్టము వెలుపలి గోడను ముట్టుకొన్నవానికి చేయి చల్లగనే తోచును. మఱుక్షణమున ఆ వేడి లోపలి చల్లని ఉక్కులోనికి వ్యాపించి, పొర గభాలున చల్లారును.

మొత్తము వేడి ఎంతయో కూడ అంచనా వేయవచ్చును. 1910లో వాడుకలోనికి వచ్చిన లీ-ఎన్‌ఫీల్డు తూటాలో గుండు బరువు 11.3 గ్రాములు, వేగము సెకండునకు సుమారు 744 మీటర్లు. బరువులో సగమును వేగపు వర్గముచే హెచ్చించినచో గుండు గతిశక్తి సుమారు 3,100 జౌళ్లు వచ్చును. మందులో నున్న శక్తి దాదాపు 10,000 జౌళ్లు. అనగా గుండునకు దక్కినది మూడవ వంతు కంటె తక్కువ. ఇంచుమించు ఐదవ వంతు, అనగా 2,000 జౌళ్లు, గొట్టమును వేడిచేయుటకు ఖర్చగును. మిగిలినది వాయువులతో కూడ మూతినుండి వెలుపలికి పోవును. గొట్టము బరువు ఒక కిలో ప్రాంతమున నుండుటచే, ఒక్కొక్క తూటాకు దాని సరాసరి ఉష్ణోగ్రత నాలుగైదు డిగ్రీలు పెరుగును. ఇరువది తూటాలు ఎడతెగక కాల్చినచో గొట్టమును చేతితో తాకలేము.

నెఱ్ఱెలు విచ్చిన ఉక్కు

ఇప్పుడు ఆ పలుచని పొరకు ఏమగునో చూతము. వేడెక్కిన లోహము వ్యాకోచింపవలెను. కాని దాని వెనుకనున్న చల్లని ఉక్కు కదలనీయదు. పోవుటకు చోటులేక పొర తనలో తానే నలిగి, అణగిపోవును. మఱుక్షణము చల్లారి సంకోచింపబోవును. ఇప్పుడును వెనుకనున్న ఉక్కు వదలదు. నలిగి చిన్నదైన పొర నలువైపులకు లాగబడి చిట్లును. వేసవిలో చెఱువు నీరింకినపుడు పైబురద ఎండి కుదించుకొనును, అడుగు నేల కుదించుకొనదు. అందుచే పైపొర నెఱ్ఱెలు విచ్చును. వాడిన గొట్టపు గొంతుకను భూతద్దముతో చూచినచో సరిగా ఎండిన చెఱువువలెనే కన్పించును.

దీనికి తోడు మఱియొక మార్పు కలదు. ఉక్కు 727 డిగ్రీలు దాటినపుడు దానిలోని పరమాణువుల అమరిక మాఱి, కర్బనము ఇనుములో కరగిపోవుట మొదలగును. మెల్లగా చల్లార్చిన పూర్వపు అమరిక తిరిగివచ్చును. హఠాత్తుగా చల్లార్చిన కర్బనము బయటపడుటకు వ్యవధి లేక లోపలనే చిక్కుకొని, ఉక్కు మిక్కిలి కఠినముగాను పెళుసుగాను మాఱును. కమ్మరి కొడవలికి పదును పెట్టునపుడు ఎఱ్ఱగా కాల్చి నీటముంచుట ఇందుకే. దీనిని తరగతిలో చూపుట సులభము. రెండు కుట్టుసూదులను పటకారుతో పట్టి ఎఱ్ఱగా కాల్చి, ఒకదానిని నీటిలో ముంచి, రెండవదానిని గాలిలో మెల్లగా చల్లార్చవలెను. పటకారుతో వంచిచూచిన, మొదటిది పుటుక్కున విఱుగును, రెండవది వంగును. గొట్టపు లోపలి పొర ప్రతి తూటాకును ఇట్లు కాలి, ఆరుచుండును. కమ్మరి ఆలోచించి ఒక్కసారి చేయు పనిని తుపాకి ఆలోచన లేక వేలసార్లు చేయుచున్నదన్నమాట.

వాయువులు సైతము ఊరకుండవు. వానిలోని కర్బనము, నత్రజని వేడి ఉక్కులోనికి ఇంకిపోవును. కర్బనము హెచ్చిన ఇనుము ద్రవీభవనస్థానము తగ్గును. నూటికి నాలుగు పాళ్లకు పైగా కర్బనము కలిసినచో 1,150 డిగ్రీల దరిదాపులనే కరగిపోవును. ఇట్లు నెఱ్ఱెలు విచ్చి, పెళుసుబారి, సులభముగా కరగుటకు సిద్ధమైన పొరను వాయుప్రవాహము రేణువులుగా ఊడబెఱికి కొనిపోవును. గుండు గాడులలో బిగియుటకు పూర్వము దాని ప్రక్కల సందులనుండి దూసుకొనిపోవు వాయువులు బ్లోలాంపు జ్వాలవలె గొంతుకను కాల్చును. అందుకే క్షయము గొంతుకయొద్ద హెచ్చు. మూతివైపునకు పోయినకొలది తక్కువ. గొంతుక అరిగినపుడు గుండు గాడులను అందుకొనుటకు ముందు ఆధారములేక కొంతదూరము గెంతవలసివచ్చును, వంకరగా ప్రవేశించును, వాయువులు మఱింత హెచ్చుగ కారిపోవును. ఇక గుఱి చెదరును, వేగము తగ్గును.

మందును చల్లబఱచుట

పాల్ వియే దీనిని పరీక్షించుటకు ఒక తేలికయైన పద్ధతి అవలంబించెను. దళసరి పాత్రలో మందు కాల్చి, ఆ వాయువులను ఒక లోహపు బిరడాలోని సన్నని రంధ్రము గుండ పోనిచ్చి, ముందు వెనుకల బిరడాను తూచిన ఎంత లోహము కొట్టుకొనిపోయినదో తెలియును. ఇట్టి పరీక్షలలో తేలిన ముఖ్యాంశమేమన, మందు మంట ఎంత వేడిదైన క్షయము అంత హెచ్చు.

కార్డైటు మంట అంత వేడిగా నుండుటకు కారణము దాని రసాయనములోనే కలదు. నాలుగు అణువుల నైట్రోగ్లిసరిన్ విడిపోయినపుడు 12 అణువుల బొగ్గుపులుసు వాయువు, 10 అణువుల నీటి ఆవిరి, 6 అణువుల నత్రజని ఏర్పడి, ఇంకను ఒక అణువు ఆమ్లజని మిగిలిపోవును. తుపాకి ప్రత్తికి ఇందుకు విరుద్ధమైన లోటు కలదు. దానిలో ఆమ్లజని చాలదు. కర్బనము పూర్తిగా మండక కార్బన్ మోనాక్సైడుగా మిగులును. రెండింటిని కలిపినపుడు ఒకదాని మిగులు ఇంకొకదాని లోటును పూరించి, మంట వేడి పెరుగును.

కావున 1901లో బ్రిటిషు వారు కార్డైటు పాళ్లను మార్చిరి. నైట్రోగ్లిసరిన్ 58 నుండి 30కి తగ్గినది. తుపాకి ప్రత్తి 65కు పెరిగినది. వాజలీను ఎప్పటివలె 5. ఉక్కు మాఱలేదు, గాడులు మాఱలేదు. మందు చల్లబడినది, గొట్టముల ఆయువు పెరిగినది. దక్షిణ భారతమున నీలగిరులలోని అరువంకాడు కర్మాగారము కార్డైటు తయారీకై 20వ శతాబ్ది ఆరంభమున నెలకొన్నదే. వాజలీను కథయు వినదగినది. గొట్టమునకు అది జిడ్డువలె పనిచేయునని తలచి మొదట దానిని కలిపిరి. జిడ్డుగా అది చేసిన మేలు లేదు కాని, మందు నిలువయున్నపుడు చెడిపోకుండ కాపాడుటకును, మంట వేడిని కొంత తగ్గించుటకును ఉపకరించినది.

ఏ లోహము మేలు?

వేడిని తగ్గించుటకు ఒక హద్దు కలదు. వేడితో కూడ గుండును నెట్టు శక్తియు తగ్గును. అందుచే లోహమును కూడ మెఱుగుపఱుపవలసివచ్చినది. నేటి గొట్టములకు విరివిగా వాడు ఉక్కులో నూటికి 0.4 నుండి 0.5 వఱకు కర్బనము, 1 పాలు క్రోమియం, 0.2 పాళ్లు మాలిబ్డినం ఉండును. క్రోమియం ఉక్కునకు లోతువఱకు కాఠిన్యము నిచ్చును. మాలిబ్డినం వేడిలో మెత్తబడనీయదు. గుఱిపోటీల గొట్టములకు క్రోమియం హెచ్చుగాగల తుప్పుపట్టని ఉక్కును వాడుదురు.

టంగ్‌స్టన్ 3,400 డిగ్రీలకు పైగా గాని కరగదు గదా, దానితో గొట్టమేల చేయరాదని విద్యార్థులు అడుగవచ్చును. టంగ్‌స్టన్ పెళుసు, దానిని తొలుచుటయు, గాడులు చెక్కుటయు బహుకష్టము. ప్రేలుడు దెబ్బకు వంగక పగులు లోహము కాల్చువానికే ప్రమాదము. ఉక్కు గొట్టమునకు లోపల మాత్రము వేడికి ఓర్చు పొరను తొడుగుట తెలివైన మార్గము. 1,900 డిగ్రీల వఱకు కరగని క్రోమియంతో లోపల పూత పూయుట అట్టిదే. 1939 నాటి జపాను రైఫిలులో ఈ పూత కలదు. రష్యా వారి కలాష్నికోవ్ తుపాకికి అది పేరు తెచ్చిన గుణములలో ఒకటి. అమెరికా వారి ఎం-16 మొదట ఈ పూత లేకయే వియత్నాం అడవులకు పోయినది. తేమకు తూటా గదులు తుప్పుపట్టి, కాల్చిన తూటాలు ఇఱుకుకొనిపోవుట ఆ తుపాకి మొరాయించుటకు గల కారణములలో ఒకటియైనది. 1967 ప్రాంతమున గదికి, తరువాత గొట్టమంతటికి క్రోమియం పూయించిరి. అయితే క్రోమియం వేడికి వ్యాకోచించుట ఉక్కులో సగమే. అందుచే పూత కాలక్రమమున పగుళ్లు వాఱి, ఆ సందులనుండి వాయువులు ఉక్కును చేరును.

కోబాల్టు, క్రోమియం ప్రధానముగా గల స్టెల్లైటు అను మిశ్రలోహము రెండవ ప్రపంచయుద్ధ కాలమున మెషీన్‌గన్ల గొంతుకలలో తొడుగుగా వాడబడినది. ఎఱ్ఱగా కాలినను దాని కాఠిన్యము తగ్గదు. కాని అది కరగు ఉష్ణోగ్రత ఉక్కుకంటె తక్కువ. చల్లని మందుతో చక్కగా పనిచేయును; మిక్కిలి వేడి మందుతో కరగిపోవును. లోహమునకు మంచిచెడ్డలు మందును బట్టియే నిర్ణయమగునని దీనివలన తెలియుచున్నది.

వేగము, విశ్రాంతి

ఒకే లోహము, ఒకే మందు అయినను ఆయువు వేఱువేఱుగా నుండవచ్చును. ఎన్.సి.సి. విద్యార్థులు అభ్యాసమునకు వాడు .22 రైఫిలు తూటాలో మందు చిటికెడు. గొట్టము పదులవేల తూటాలకు ఓర్చుకొనును. సన్నని గొట్టములో హెచ్చుమందు కాల్చి గుండును మహావేగముతో పంపు పోటీ రైఫిళ్లలో పదునైన గుఱి వెయ్యి, రెండువేల తూటాలతోనే ముగియవచ్చును. 1918లో జర్మనులు సుమారు 120 కిలోమీటర్ల దూరమునుండి పారిసుపై గుండ్లు కురిపించిన మహాఫిరంగిది మఱింత విచిత్రము. ప్రతి గుండునకును గొట్టము అరిగి వెడల్పగుచుండెను. అందుచే గుండ్లకు వరుసగా అంకెలు వేసి, ఒకదానికంటె ఒకటి కొంచెము లావుగా చేసిరి. అరువదికి పైగా గుండ్లు కాల్చునప్పటికి ఆ గొట్టము మరల తొలిపించవలసినదే.

విశ్రాంతియు ముఖ్యమే. ఒక తూటా వేడి చల్లారకముందే ఇంకొకటి కాల్చినచో లోపలి పొర అప్పటికే వేడిగా నుండుటచే ఇంకను పైకి పోవును. వికర్సు మెషీన్‌గన్ గొట్టము చుట్టును నాలుగు లీటర్ల నీరుగల తొడుగు అమర్చిరి. సుమారు 600 తూటాలు కాల్చగానే ఆ నీరు మరుగుట మొదలగును. పైన వేసిన లెక్కను ఇక్కడ సరిచూచుకొనవచ్చును. 600 తూటాలకు 2,000 జౌళ్ల చొప్పున 12 లక్షల జౌళ్లు. నాలుగు లీటర్ల నీటిని 75 డిగ్రీలు వేడిచేయుటకు ఇంచుమించు అంతే కావలయును. యుద్ధరంగమున సిపాయి కన్నులార చూచినదియు, బల్లమీద కాగితముపై లెక్కించినదియు ఒక్కటే.

లీ-మెట్‌ఫర్డ్ గాడులు చెఱిగినపుడు చూచినవారికి కనబడినది అరిగిన ఉక్కు. అసలు కారణము మందులోని ఆమ్లజని మిగులులోను, వేడి మంటలోను, వెయ్యవ వంతు సెకండులో ఉక్కులోనికి దిగు ఉష్ణపు లోతులోను దాగియుండెను. కంటికి కనబడు చోటనే కారణమును వెదకినవారు గాడుల లోతు పెంచి కొంతకాలము గడుపుకొనిరి. ఉష్ణమును లెక్కించినవారు పాళ్లను మార్చి గొట్టముల ఆయువు పెంచిరి. కొలిమిలోని ఇటుక, బాయిలరు గొట్టము, మోటారు ఇంజనులోని కవాటము, రాకెట్టు తోక — వేడికి ఓర్చవలసిన వస్తువు ఏది చెడినను ముందుగా వేయవలసిన ప్రశ్న ఒక్కటే: ఎంత వేడి, ఎంతసేపు, ఎంత లోతునకు?